గర్భవతులగు ఉద్యోగినులు

మన దేశమున గర్భవతిని ఆదరించు ఆచారములకు కొదువ లేదు. చూలాలు మనసుపడిన వస్తువును లేదనరాదనియు, ఆమెకు కంటనీరు తెప్పింపరాదనియు, బరువులు మోయింపరాదనియు ముత్తైదువలు పడుచులకు బోధించుచుందురు. గర్భిణిని అంచువఱకు నూనె నిండిన పాత్రవలె తొణకనీయక కాపాడవలెనని చరకసంహిత విధించినది. రెండు మాసములు దాటిన గర్భవతికి ఏటి పడవరేవున సుంకము లేదని మనుస్మృతి మినహాయింపు నొసగినది. సీమంతము, సూడిదలు, కాన్పునకు పుట్టింటికి తోడ్కొనిపోవుట మొదలగు వాడుకలన్నియు ఈ దయాభావమునుండి పుట్టినవే. అయినను ఈ మర్యాద యంతయు ఇల్లు కదలనక్కరలేని స్త్రీకి ఏర్పడినది. ఒరుల యొద్ద కూలికో జీతమునకో కుదిరిన చూలాలి గతి యేమను ప్రశ్నకు మన వాడుకలు సమాధానము చెప్పవు. నెలలు నిండిన కడుపుతో మోకాలిలోతు బురదలో నిలిచి నాట్లు వేయు కూలిదానిని నూనె నిండిన పాత్రవలె కాపాడినవా రెవ్వరు?

నేడు ఈ ప్రశ్న పొలమునకు మాత్రమే చెందినది కాదు. మన యాడుబిడ్డలు పాఠశాలలలోను, ఆసుపత్రులలోను, బ్యాంకులలోను, కర్మాగారములలోను, కంప్యూటరు కార్యాలయములలోను పని చేయుచున్నారు. వారిలో గర్భవతులగువారి క్లేశమును గూర్చి మాటలాడునపుడు మనము సాధారణముగా పనిలోని శ్రమనే తలపోయుదుము. గంటలకొలది నిలుచుట, రాత్రిపని, దూరపు ప్రయాణము, పైయధికారి తొందర - ఇవన్నియు నిజమైన కష్టములే. కాని గడచిన నూటయేబది సంవత్సరముల చరిత్రను పరిశీలించినచో వీనికంటె గొప్ప భార మొకటి కానవచ్చును. అది భయము. కడుపు సంగతి తెలిసినచో కొలువు పోవునేమో, సెలవు పెట్టినచో జీతము పోవునేమో, మరల వచ్చునప్పటికి తన స్థానము మరియొకరి దగునేమో యను భయము. చట్టములు ఈ భయమును తొలగించినచోట గర్భవతికి మేలు కలిగెను. పనిని మాత్రము మాన్పించి భయమును మిగిల్చినచోట, మేలు చేయవచ్చిన చట్టమే యామెకు కీడు చేసెను. ఈ సంగతిని చరిత్రమూలమున చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పని చేయించుకొనువానికి పనివారి గర్భము విషయమున బాధ్యత గలదను తలంపు మనకు పాశ్చాత్యులు నేర్పినది కాదు. మైసూరునందు శామశాస్త్రిగారు 1909 వ సంవత్సరమున ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున దాసులను గూర్చిన ప్రకరణ మొకటి కలదు. గర్భవతియైన దాసికి గర్భపోషణమునకు వలయు ఏర్పాటు చేయక ఆమెను అమ్మినను, తాకట్టు పెట్టినను యజమానుడు దండనార్హుడని అందు చెప్పబడినది. కొన్నవారికిని, సాక్షులుగా నిలిచినవారికిని కూడ ఆ దండనమే. దాస్యము నింద్యమైనది, దానిని మెచ్చుకొనుటకు ఈ మాట చెప్పుట లేదు. అంత కఠినమైన వ్యవస్థయందు సైతము ఒకరి శ్రమను అనుభవించువాడు ఆమె గర్భమును తన లెక్కలోనికి రాదని త్రోసివేయ వీలులేకుండెను. యంత్రయుగమున కూలి స్వతంత్రురాలయ్యెను. యజమాని ఆమె గంటలను కొనెనుగాని ఆమెను కొనలేదు. కావున ఆమె కడుపులోని శిశువుతో తనకు నిమిత్తము లేదనుట అతనికి సులభమయ్యెను. ఆధునిక ప్రసూతిచట్టముల చరిత్ర యంతయు ఈ త్రోసివేతకు ప్రత్యుత్తరమే.

ఆ ప్రత్యుత్తరము మొదట ఐరోపాఖండమున వినబడెను. స్విట్జర్లాండు దేశపు 1877 వ సంవత్సరపు ఫ్యాక్టరీచట్టము ప్రసవమునకు ముందు వెనుకలు కలిపి 8 వారములు స్త్రీచేత పని చేయింపరాదని శాసించి, అందు కనీసము 6 వారములు ప్రసవానంతరమున నుండవలెననెను. మరుసటి యేట, అనగా 1878 లో, జర్మనీ ప్రసవానంతరము 3 వారములు పనిని నిషేధించెను. ఇంగ్లండునందు 1891 వ సంవత్సరపు చట్టము 4 వారములను నిర్ణయించెను. వినుటకు ఇవి చక్కని చట్టములే. కాని స్విస్ చట్టమునందు గాని ఇంగ్లీషు చట్టమునందు గాని విశ్రాంతిదినములకు కూలి లేదు. దినకూలితో దినము గడుపుకొను తల్లికి కూలిలేని విశ్రాంతి విశ్రాంతి యగునా? అది పస్తు. పైగా ఇంగ్లీషు చట్టము యజమాని ‘తెలిసి’ పని చేయింపరాదని మాత్రమే చెప్పెను. అందుచేత యజమాని తెలిసికొనడు, ఆమె చెప్పదు. ఆమెను రక్షింపవలసిన నిబంధన ఆమెచేత ప్రసవమును దాపరికము చేయించెను. జర్మనీ ఈ దోషమును త్వరలోనే గుర్తించి, 1883 వ సంవత్సరపు అనారోగ్యభీమా చట్టముమూలమున పనివారును యజమానులును కూర్చిన నిధినుండి ఆ 3 వారములకు ధనసహాయ మొసగ నారంభించెను.

విశ్రాంతివలన శిశువునకు కలుగు లాభమును తూచి చూపిన కీర్తి ఫ్రాన్సు దేశపు వైద్యుడైన పినార్ గారిది. ప్రసవము వఱకు పని చేసిన పేదస్త్రీల బిడ్డల బరువును, కడపటి దినములయందు శరణాలయమున విశ్రమించిన పేదస్త్రీల బిడ్డల బరువును ఆయన పోల్చి చూచి, రెండవవారి బిడ్డలు సుమారు 300 గ్రాములు ఎక్కువ తూగుచున్నారని 1895 లో ప్రకటించెను. అంతటితో ఇది దయకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాక ప్రజారోగ్య ప్రశ్నయు నయ్యెను. ఫ్రాన్సు 1909 లో గర్భిణి 8 వారములు పనికి రాకున్నను ఆమె కొలువు రద్దు కారాదని శాసించెను. 1913 లో ఆ విశ్రాంతికాలమునకు భత్యమును ఏర్పరచెను. ఇట్లు విశ్రాంతి, కొలువు నిలుచుట, కూలి అను మూడు విషయములు వేరువేరు కాలములయందు వేరువేరుగా సాధింపబడెను. ఈ మూటిలో ఏ యొక్కటి లోపించినను తక్కిన రెండును వ్యర్థములగునని అనుభవము నేర్పెను.

ఇంతవఱకు మాటలాడినవారు వైద్యులును శాసనకర్తలును. తల్లులు స్వయముగా మాటలాడుట అటుపిమ్మట జరిగెను. ఇంగ్లండులోని స్త్రీల సహకారసంఘము పనివారి భార్యలును, పనిచేయు స్త్రీలును తమ కాన్పులను గూర్చి వ్రాసిన 160 ఉత్తరములను 1915 వ సంవత్సరమున పుస్తకరూపమున ప్రకటించెను. చాలని తిండి, తప్పని పని, వరుసకాన్పులు, పోయిన బిడ్డలు - వీనిని గూర్చి మర్యాదస్తుల గృహములలో నోరెత్తని ఆ కాలమున ఆ పుస్తకము చదువరులను కలవరపెట్టెను. 1919 లో వాషింగ్టను నగరమున సమావేశమైన అంతర్జాతీయ కార్మికమహాసభ పైని చెప్పిన మూడు విషయములను ఒక్క ఒడంబడికలో కూర్చెను. ప్రసవమునకు ముందు 6 వారములు, వెనుక 6 వారములు విశ్రాంతి. ఆ కాలమున ఆమెకును బిడ్డకును చాలినంత భత్యము. సెలవులో నున్నదానికి ఉద్వాసన చెప్పుట నిషిద్ధము. మరల పనికి వచ్చిన తల్లికి పాలిచ్చుటకు దినమునకు రెండు అరగంటలు. భత్యము ప్రభుత్వ ధనమునుండి గాని భీమానిధినుండి గాని రావలెననియు ఆ యొడంబడిక చెప్పెను. ఈ చివరి మాట చిన్నదిగా కనబడునుగాని, మన దేశపు కథ యంతయు దానిమీదనే తిరిగినది.

ఆ మహాసభయే హిందూదేశ ప్రభుత్వమును ఇచ్చటి పనికత్తెల ప్రసూతిస్థితిని విచారించి తెలుపుమని కోరెను. బొంబాయిలో డాక్టరు బార్న్స్ అను వైద్యురాలును, బెంగాలు మొదలగు ప్రాంతములలో డాక్టరు కర్జెల్ అను వైద్యురాలును 1922-23 ప్రాంతమున మిల్లులను, పనివారి బసలను చూచి విచారణ చేసిరి. ఉదయము మిల్లునకు పోవు తల్లి సాయంకాలము వఱకు పసిబిడ్డ ఏడువకుండుటకై నల్లమందు పెట్టు దురాచారము బొంబాయి విచారణలో వెల్లడియయ్యెను. ఆ తల్లిని క్రూరురాలని నిందించుట తేలిక. ఇంటియొద్ద బిడ్డను చూచువారు లేరు, మిల్లు మానినచో కూడు లేదు. ఈ కథ మనకు దూరమైనది కాదు. విశాఖపట్టణము, గంజాము మండలములనుండి బెంగాలులోని జనపనార మిల్లులకు వలసపోయిన తెలుగువారిలో స్త్రీలును ఉండిరి. పుట్టింటి పురుడు వారికి రైలుదూరమున నుండెను.

ఎన్. ఎం. జోషీగారు 1924 లో కేంద్ర శాసనసభయందు ప్రసూతిభత్యపు బిల్లును ప్రవేశపెట్టగా సభ దానిని మరుసటి యేట తిరస్కరించెను. అంతట బొంబాయి రాష్ట్రము ముందునకు వచ్చెను. 1928 వ సంవత్సరము జూలై మాసమున బొంబాయి శాసనమండలిలో ఇట్టి బిల్లు చర్చకు వచ్చినపుడు డాక్టరు అంబేద్కరుగారు దానిని బలపరచుచు మాటలాడిరి. కాన్పునకు ముందును వెనుకను తల్లికి విశ్రాంతి దొరకుట దేశమునకే క్షేమమనియు, కావున ఈ వ్యయములో అధికభాగమును ప్రభుత్వమే భరింపదగుననియు ఆయన యంగీకరించిరి. అట్లయ్యును స్త్రీలను పనిలో పెట్టుకొనుటవలన యజమానికి లాభము కలుగుచున్నది గనుక ప్రస్తుతమున అతడు ఆ భారమును మోయుట అన్యాయము కాదని వాదించిరి. 1929 లో బొంబాయి చట్టము వెలువడెను. దినమునకు 8 అణాల చొప్పున ప్రసవమునకు ముందు 3 వారములకును తరువాత 4 వారములకును భత్య మేర్పడెను. మధ్యపరగణాలలో 1930 లోను, అప్పటి ఆంధ్రమండలములు చేరియున్న మద్రాసు రాష్ట్రమున 1934 లోను ఇట్టి శాసనములు పుట్టెను.

అయితే ఈ శాసనములన్నిటను భత్యమును చెల్లింపవలసినవాడు యజమాని యొక్కడే. వాషింగ్టను ఒడంబడిక చెప్పిన సామాన్యనిధి వీనిలో లేదు. ఫలిత మేమి? చూలాలిని ఉంచుకొన్న యజమానికి వ్యయము, తొలగించినవానికి లాభము. గర్భచిహ్నములు కనబడగానే పనినుండి తీసివేయుట, పెండ్లికాని పడుచులనో విధవలనో కాన్పుల వయసు దాటినవారినో ఏరి పెట్టుకొనుట అను పన్నాగములు బయలుదేరెను. ఈ సంగతి అధికార నివేదికలలోనే పలుమారు కెక్కినది. మిల్లులలో స్త్రీల సంఖ్య తగ్గుటకు క్రొత్త యంత్రములు, రాత్రిపని నిషేధము మొదలగు ఇతర కారణములును కలవు. కాని ఈ భారము నొక్కనిపై మోపుటయు కారణములలో ఒకటి యనుట నిర్వివాదము. ఇట్టి మిల్లులో చూలాలు ఏమి చేయును? చీర కుచ్చెళ్లు వదులుగా కట్టి కడుపును దాచును. వాంతులను దాచును. తూలుచున్నను కూర్చుండదు. చట్టము ఆమెకు 8 అణాలనిచ్చెను. దానితోపాటు పట్టుబడుదునను భీతిని గూడ నిచ్చెను.

దీనికి ఎదురుదిక్కున నున్న పొరపాటు బొగ్గుగనులలో జరిగినది. భూగర్భమున స్త్రీలచేత పని చేయించుట అమానుషమని 1929 వ సంవత్సరపు నిబంధనలు వారిని క్రమక్రమముగా తొలగింపనారంభించి, 1937 నాటికి పూర్తిగా తొలగించెను. నిషేధము మంచిదే. కాని గనిలో భర్త త్రవ్విన బొగ్గును తట్టల కెత్తి కుటుంబపు రాబడిలో భాగము తెచ్చుచుండిన భార్యకు బదులుపని చూపవలెనను చింత సరిగా కలుగలేదు. అంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. బొగ్గు కొరతపడగానే 1943 లో ప్రభుత్వము ఆ నిషేధమును తానే యెత్తివేసెను. అఖిలభారత మహిళాసభ దీనిని గట్టిగా నిరసించెను. 1946 ఫిబ్రవరి 1 వ తేదీనుండి గాని నిషేధము మరల అమలులోనికి రాలేదు. స్త్రీని గనినుండి వెడలించినపుడును ఆమెను అడుగలేదు, మరల దింపినపుడును ఆమెను అడుగలేదు. రక్షణ యనునది పొందువారి హక్కుగా గాక ఇచ్చువారి సౌకర్యముగా నున్నంతకాలము దానికి స్థిరత్వము లేదని ఈ కథవలన గ్రహింపవలెను.

స్వాతంత్ర్యానంతరము మార్గము కొంత సరియైనది. 1948 వ సంవత్సరపు ఉద్యోగుల రాజ్యభీమాచట్టము యజమాని చందాను, పనివారి చందాను ఒక నిధిగా చేర్చి, ప్రసూతిభత్యమును ఆ నిధినుండి ఇచ్చు పద్ధతిని తెచ్చెను. 1952 లో కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఇది ప్రారంభమయ్యెను. ఈ భీమా చేరనిచోట్లకు 1961 వ సంవత్సరపు ప్రసూతిభత్యచట్టము 12 వారముల జీతమును, సెలవులో ఉద్వాసన నిషేధమును, కోరిన గర్భిణికి చివరి నెలలలో కఠినమైన పనియు దీర్ఘకాలము నిలుచు పనియు తప్పించుటను విధించెను. 2017 లో మొదటి ఇద్దరు బిడ్డల విషయమున ఆ గడువు 26 వారములకు పెంపబడి, 50 మంది గాని అంతకు మించి గాని ఉద్యోగులుగల స్థలములలో శిశుపోషణాలయము నిర్బంధమయ్యెను. 2020 వ సంవత్సరపు సామాజికభద్రతాస్మృతిలోను ఈ నియమములే చేర్చబడినవి. గడువు పెరిగినందుకు సంతసింపవలసినదే. కాని భీమా వెలుపలనున్న సంస్థలలో ఈ 26 వారముల వ్యయము పూర్వమువలెనే యజమాని యొక్కని మీదనే పడినది. 1929 లో విత్తిన లోపము పైరుతోపాటు పెరిగినది.

చదువుకొన్న స్త్రీకి ఈ భయము లేదని తలంపరాదు. ఎయిర్ ఇండియా విమానములలోని పరిచారికలకు మొదటి గర్భముతోనే ఉద్యోగము ముగియునను నిబంధన యుండెను. 1981 లో గాని సుప్రీముకోర్టు దానిని కొట్టివేయలేదు. జీవితభీమా సంస్థ ఉద్యోగమునకు వచ్చిన స్త్రీని ఆమె నెలసరి తేదీలను, గర్భములను గూర్చి ప్రమాణపత్రమున వ్రాయించుకొనెడిది. ఆ పత్రమున నిజము దాచెనను నెపమున తొలగింపబడిన ఒక యుద్యోగిని న్యాయస్థానమునకు పోగా, 1991 లో సుప్రీముకోర్టు ఆమెను మరల చేర్చుకొని ఆ ప్రశ్నలను తొలగింపుమని యాజ్ఞాపించెను. ఇది గతించిన తరముమాట యందురా? మూడు నెలలు దాటిన గర్భవతులు నియామకమునకు తాత్కాలికముగా అనర్హులనియు, ప్రసవమైన 4 నెలలలోపల చేరవచ్చుననియు భారతీయ స్టేట్ బ్యాంకు క్రొత్త నియమమును తెచ్చి, దేశమంతట విమర్శ చెలరేగగా 2022 జనవరిలో దానిని నిలిపివేసెను. ఎమ్.ఏ. పట్టము గలదియు, మిల్లు కూలిదియు ఒక్కటే ప్రశ్నను ఎదుర్కొనుచున్నారు: ‘ఎన్ని దినములు దాచగలను?’

ఈ దాపరికమువలని చింత దేహమును తాకదా? పలువిధములైన బాధలకు దేహ మొక్కతీరుననే ప్రతిస్పందించునని హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు 1936 లో ప్రకటించినది మొదలు, ఒత్తిడి యనునది వట్టి మనోభ్రమ కాదని వైద్యశాస్త్రము అంగీకరించినది. భీతి, నిద్రలేమి, ఎడతెగని తొందర కలిగినపుడు కార్టిసాల్ మొదలగు ద్రవ్యములు రక్తమున హెచ్చును. తల్లి రక్తములోని కార్టిసాలును మావి చాలవఱకు అడ్డగించునుగాని పూర్తిగా అడ్డగింపలేదు. ఆరోగ్యవతియగు గర్భిణికి మితమైన పని హాని కాదని నేటి వైద్యుల మతము. మిక్కిలి దీర్ఘమైన పనిగంటలు, రాత్రివంతులు, బరువులెత్తుట, విరామము లేక నిలుచుట అనువానివలన గర్భస్రావమునకును, నెలలు నిండని కాన్పునకును కొంత యవకాశము పెరుగునని వారు చెప్పుచున్నారు. కాబట్టి ఆమెకు వలసినది బహిష్కారము కాదు, పనిలో సవరణ. సవరణను కోరవలెనన్న మొదట తాను గర్భవతినని నిర్భయముగా చెప్పగలుగవలెను. సమస్త వైద్యసలహాలకును ఇదియే తొలిమెట్టు.

‘మా యవ్వలు నాట్లు వేయుచునే కనిరి, వారికి లేని సుకుమారము వీరికేల?’ అని కొందరు ఆక్షేపింతురు. బ్రదికి బట్టకట్టిన యవ్వల కథనే మనము వింటిమి. గట్టుమీదనే ప్రాణము విడిచినవారి కథను చెప్పుటకు వారికి మనుమలు లేరు. ‘అట్లయిన గర్భవతులు ఇంటనే యుండరాదా?’ అని మరికొందరు. వెడలించుటవలన ఏమగునో గనుల చరిత్రవలన తెలిసినది. ఇంటియద్దెయు, బియ్యపు ఖరీదును ఆమె జీతముమీద ఆధారపడియున్న కుటుంబమునకు ఈ సలహా చెప్పుట నీటిలో నున్నవానిని తడియకు మనుటవంటిది. బిడ్డ దేశమునకు పౌరుడగును గనుక బిడ్డను కనుటలోని వ్యయమును దేశమంతయు పంచుకొనవలెను. ఒక్క యజమానిపై వేసినచో అతడు స్త్రీలనే వద్దనును. ఒక్క తల్లిపై వేసినచో ఆమె కడుపును దాచును. సామాన్యనిధి యొక్కటియే ఈ రెంటిని తప్పించు త్రోవ.

చట్టము వెలుపల మిగిలినవారి సంగతి చెప్పి ముగించెదము. ఢిల్లీ పురపాలకసంఘమున దినకూలికి రోడ్లపనులు చేయు స్త్రీలకును ప్రసూతిభత్యము చెల్లవలెనని 2000 వ సంవత్సరమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2013 వ సంవత్సరపు ఆహారభద్రతాచట్టము ప్రభుత్వోద్యోగినులు మొదలగు కొందరు తప్ప గర్భవతులందరికిని 6,000 రూపాయలకు తక్కువ కాని సహాయమును హక్కుగా పేర్కొనెను. తెలంగాణ ప్రభుత్వము 2017 లో సర్కారు ఆసుపత్రిలో కనిన తల్లికి కూలినష్టమునకు బదులుగా 12,000 రూపాయలు, ఆడుబిడ్డ పుట్టినచో 13,000 రూపాయలు ఇచ్చు పథకమును ప్రారంభించెను. ఇవి మంచి యడుగులు. అయినను దేశమందలి పనికత్తెలలో అధికసంఖ్యాకులు పొలములలోను, ఇటుకబట్టీలలోను, మన యిండ్లలోను ఉన్నారు. అంట్లు తోమి, బట్టలుతికి, మన బిడ్డల నెత్తుకొను పనిమనిషికి కాన్పుసెలవు జీతము నిర్బంధముగా ఇప్పించువారు లేరు. ఆమెకు యజమానురాలు ఈ పత్రికను చదువు గృహిణియే.

కావున సోదరీమణులారా, కూతురు కాన్పునకు వచ్చినపుడు ఆఫీసువారు సెలవు నొసగలేదని మనము నొచ్చుకొనునపుడే, వంటయింట నిలిచిన రెండవ చూలాలిని గూడ తలంపవలెను. ఆమె నెల తప్పినదని తెలిసిన వెంటనే వేరొకతెను వెదకుకొందుమా, లేక నీ పని నీకే యుండును, రెండు మాసముల జీతము నీ యింటికి వచ్చును, బరువుపని మానుమని చెప్పుదుమా? శాసనసభలు అరువది యెనుబది యేండ్లు తర్కించి తేల్చిన మూడు సూత్రములు ఈ ఒక్క మాటలో నిమిడియున్నవి. దీనికి చట్టము రావలెనని కోరుట మన విధి. అది వచ్చులోపల మన గడప లోపల దానిని నడుపుటకు ఎవ్వరి యనుమతియు అక్కరలేదు.